ఓవరాల్ అంకెను నమ్మకండి: ఎంఎల్‌బీ ది షోలో కార్డులకు సొంత రేటింగ్ వేసుకుని లైనప్ కట్టే పద్ధతి

ఎంఎల్‌బీ ది షో ఒక బేస్‌బాల్ వీడియో గేమ్. అందులో ఆటగాళ్ల కార్డులతో ఆడే డైమండ్ డైనాస్టీ మోడ్‌లో టీమ్ కట్టేటప్పుడు చాలామంది చేసేది ఒకటే. ఏ పొజిషన్‌కి ఎవరి ఓవరాల్ ఎక్కువుంటే ఆ కార్డు పెట్టేస్తారు. స్క్రీన్ మీద 92 కనిపిస్తే 88 పక్కకి పోవాల్సిందే. తీరా ఆన్‌లైన్ మ్యాచ్‌కి వెళ్తే ఆ 92 కార్డు మూడు సార్లు గ్రౌండ్ బాల్ కొట్టి కూర్చుంటుంది, పక్కన పడేసిన 88 కార్డు అవతలి టీమ్‌లో హోమ్ రన్లు బాదుతుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనేది ఇలాంటి కార్డుల గురించే.

ఓవరాల్ తప్పు అంకె అనడం లేదు. బ్యాటింగ్, ఫీల్డింగ్, వేగం అన్నీ కలిపి, కార్డు మీదున్న ప్రధాన పొజిషన్‌ని బట్టి గేమ్ వేసే సగటు అది. మీరు ఆ కార్డుని ఎక్కడ ఆడిస్తారో, ఏ డిఫికల్టీలో ఆడతారో దానికి తెలియదు. పైగా ఓవరాల్ 99 దగ్గర ఆగిపోతుంది, విడివిడి లక్షణాలు మాత్రం 125 దాకా పోతాయి. మార్చిలో గేమ్ విడుదలైన కొత్తలో ఓవరాల్‌కి కాస్త అర్థం ఉంటుంది. సీజన్ చివరికొచ్చేసరికి అందరి దగ్గరా 99లే ఉంటాయి, అప్పుడు ఆ అంకెతో ఏదీ తేలదు.

అందుకే సొంత రేటింగ్ వేసుకోవాలి. గూగుల్ షీట్ ఒకటి తెరిచి ఓ సాయంత్రం కూర్చుంటే చాలు. కార్డుల వివరాలన్నీ గేమ్ వెబ్‌సైట్‌లోనూ మొబైల్ యాప్‌లోనూ దొరుకుతాయి. కింద ఇచ్చిన వెయిటేజీలు నావి, గేమ్ కంపెనీ చెప్పినవి కావు. మీ ఆటకి తగ్గట్టు మార్చుకోండి. ఎడిషన్ మారినప్పుడల్లా లక్షణాల జాబితాలో చిన్న చిన్న మార్పులు వస్తుంటాయి, అవి కూడా ఓసారి చూసుకోండి.

1. ఏ అంకె ఏం చేస్తుందో తెలుసుకోండి

కార్డు మీద కాంటాక్ట్ రెండు సార్లు, పవర్ రెండు సార్లు కనిపిస్తాయి. ఆర్ అని ఉన్నది కుడిచేతి పిచర్ల మీద, ఎల్ అని ఉన్నది ఎడమచేతి పిచర్ల మీద. కొత్తగా ఆడేవాళ్లు చాలామంది ఇది బ్యాటర్ చేతివాటం అనుకుంటారు. కాదు, ఎదురుగా బంతి వేసేవాడిది.

జోన్ హిట్టింగ్‌లో బ్యాటుకి బదులు మీరు కదిపేది పీసీఐ అనే గురి. కాంటాక్ట్ పెరిగితే ఆ గురి పెద్దదవుతుంది. విజన్ దాని బయటి వలయాన్ని పెంచుతుంది. అంటే గురి కాస్త తప్పినా బంతికి బ్యాటు తగిలి ఫౌల్ అయినా అవుతుంది, గాలికి ఊపడం తగ్గుతుంది. పవర్ అంటే సరిగ్గా తగిలిన బంతి ఎంత బలంగా పోతుందనేది. డిసిప్లిన్ చెక్ స్వింగ్‌కి పనికొస్తుంది. మనిషి ఆడేటప్పుడు ఏ బంతి వదలాలో తేల్చేది మనిషే కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

క్లచ్‌ని మాత్రం తక్కువగా చూడకండి. రెండో బేస్ మీదో మూడో బేస్ మీదో రన్నర్ ఉంటే కాంటాక్ట్ స్థానంలో క్లచ్ అంకే పనిచేస్తుంది. కాంటాక్ట్ 95 ఉండి క్లచ్ 55 ఉన్న కార్డు బేసులు ఖాళీగా ఉన్నప్పుడు హీరో, పరుగులు కావాల్సిన సమయానికి జీరో.

ఫీల్డింగ్‌లో రియాక్షన్ చూడండి. బంతి బ్యాటుకి తగిలిన మరుక్షణం ఫీల్డర్ తొలి అడుగు ఎంత త్వరగా వేస్తాడనేది దాన్ని బట్టి ఉంటుంది. మీ బొటనవేలు ఎంత చురుగ్గా కదిలినా ఆ తొలి అడుగు మీ చేతిలో లేదు.

2. ముందు మీ ఆట గురించి మూడు ప్రశ్నలు

ఏ డిఫికల్టీ? రూకీ, వెటరన్‌లలో గురి పెద్దగా ఉంటుంది, తగలడం కష్టం కాదు, కాబట్టి పవర్‌కే ఓటు. ఆల్‌స్టార్ దాటి హాల్ ఆఫ్ ఫేమ్, లెజెండ్‌కి వెళ్తే గురి చిన్నదవుతుంది. అక్కడ కాంటాక్ట్, విజన్ లేని పవర్ హిట్టర్ వట్టి బరువే.

ఎన్ని ఇన్నింగ్స్? ర్యాంక్డ్ మోడ్‌లో తొమ్మిది. కాంక్వెస్ట్, మినీ సీజన్స్ మోడ్‌లలో మూడు. బ్యాటింగ్ ఆర్డర్ దగ్గర దీని సంగతి మళ్లీ చూద్దాం.

మీకు ఎదురయ్యే పిచర్లు ఎవరు? నిజమైన మేజర్ లీగ్స్‌లో కుడిచేతి పిచర్లే ఎక్కువ, గేమ్‌లో కూడా మామూలుగా అంతే. నేను కుడికి 70, ఎడమకి 30 శాతం పెట్టుకుంటాను. ఆన్‌లైన్‌లో మాత్రం ఎవరో ఒక ఎడమచేతి స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) కార్డు ఫ్యాషన్ అయిందంటే రెండు మూడు వారాలు అందరూ వాడినే దించుతారు. అప్పుడు 60-40 చేసుకోవాలి. మీ గత ఇరవై మ్యాచ్‌ల స్టార్టర్లని ఓసారి తిరగేస్తే మీ నిష్పత్తి మీకే తెలుస్తుంది.

3. బ్యాటర్‌కి రేటింగ్ వేయడం

రెండు ఊహాత్మక కార్డులు తీసుకుందాం. ఇద్దరూ షార్ట్‌స్టాప్‌లే (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్లు), ఇద్దరికీ లెఫ్ట్ ఫీల్డ్ సెకండరీ పొజిషన్.

కార్డు అ, ఓవరాల్ 92: కాంటాక్ట్ ఆర్ 78, ఎల్ 70. పవర్ ఆర్ 62, ఎల్ 55. విజన్ 80, క్లచ్ 75, వేగం 85. ఫీల్డింగ్ 95, రియాక్షన్ 92, ఆర్మ్ 88.

కార్డు ఆ, ఓవరాల్ 88: కాంటాక్ట్ ఆర్ 88, ఎల్ 96. పవర్ ఆర్ 90, ఎల్ 98. విజన్ 60, క్లచ్ 82, వేగం 62. ఫీల్డింగ్ 74, రియాక్షన్ 70, ఆర్మ్ 80.

ముందు కుడి ఎడమలని 70-30తో కలపండి. కార్డు అ కాంటాక్ట్ 75.6, పవర్ 59.9. కార్డు ఆ కాంటాక్ట్ 90.4, పవర్ 92.4.

తర్వాత కాంటాక్ట్‌లో నాలుగో వంతు క్లచ్‌కి ఇవ్వండి, ఎందుకంటే ప్రతి మ్యాచ్‌లో కొన్ని బ్యాటింగ్‌లు రన్నర్లు స్కోరింగ్ పొజిషన్‌లో (రెండో, మూడో బేసుల మీద) ఉండగానే వస్తాయి. అకి 75.45, ఆకి 88.3 వస్తుంది.

ఇప్పుడు బ్యాట్ స్కోరు: ఈ కొత్త కాంటాక్ట్ 40 శాతం, పవర్ 40, విజన్ 20. అకి 70.1, ఆకి 84.3. లెజెండ్‌లో ఆడేవాళ్లు పవర్ నుంచి 10 తీసి విజన్‌కి ఇచ్చుకోండి.

గ్లవ్ స్కోరు: ఫీల్డింగ్ 50 శాతం, రియాక్షన్ 30, ఆర్మ్ 20. అకి 92.7, ఆకి 74. రైట్ ఫీల్డ్‌కి ఆర్మ్ వాటా పెంచాలి, అక్కణ్నుంచి మూడో బేస్‌కి విసరాలి కాబట్టి. క్యాచర్‌కి రియాక్షన్ బదులు బ్లాకింగ్ పెట్టండి. మూడో బేస్ మీద రన్నర్ ఉండగా నేలకి కొట్టిన స్లైడర్ వెనక్కి జారిపోయిందంటే పరుగు పోయినట్టే.

4. అదే కార్డు, పొజిషన్ మారితే వేరే రేటింగ్

అసలు మజా ఇక్కడుంది. నా వెయిటేజీలు బ్యాట్, గ్లవ్, వేగం వరుసలో ఇవి:

క్యాచర్: 60, 38, 2
షార్ట్‌స్టాప్: 55, 35, 10
సెంటర్ ఫీల్డ్: 55, 30, 15
సెకండ్ బేస్: 65, 27, 8
థర్డ్ బేస్: 70, 25, 5
లెఫ్ట్, రైట్ ఫీల్డ్: 75, 15, 10
ఫస్ట్ బేస్: 88, 10, 2
డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు): 95, 0, 5

మన రెండు కార్డులకి వేసి చూడండి. షార్ట్‌స్టాప్‌లో అకి 79.5, ఆకి 78.5. ఒక్క పాయింటే తేడా. లెఫ్ట్ ఫీల్డ్‌లో అకి 75, ఆకి 80.5. డీహెచ్‌గా అకి 70.9, ఆకి 83.2. ఓవరాల్‌లో నాలుగు పాయింట్లు వెనకబడిన కార్డు డీహెచ్ దగ్గర పన్నెండు పాయింట్లు ముందుకొచ్చింది.

కార్డు ఆ షార్ట్‌స్టాప్‌గా, కార్డు అ లెఫ్ట్‌లో ఆడితే మొత్తం 153.5. అటూ ఇటూ మారిస్తే 160. ఒక్క కార్డూ కొనకుండా, ఒక్క స్టబ్ (గేమ్‌లో వాడే డబ్బు) ఖర్చు పెట్టకుండా ఆరున్నర పాయింట్లు వచ్చాయి. అందుకే ఏ కార్డు మంచిదని విడిగా అడగకండి, ఎక్కడ పెడితే మొత్తం పెరుగుతుందో చూడండి.

ఒక హెచ్చరిక. కార్డు మీద ప్రధాన పొజిషన్‌గానో సెకండరీగానో రాసి లేని చోట ఆడిస్తే ఫీల్డింగ్ అంకెలు పడిపోతాయి. అలాంటప్పుడు కార్డు మీది అంకె కాకుండా, లైనప్‌లో పెట్టాక గేమ్ చూపించే అంకెతోనే గ్లవ్ స్కోరు వేయండి.

5. తొమ్మిది మందిని ఎక్కించడం

షీట్‌లో వరుసకో కార్డు, నిలువుకో పొజిషన్. గడిలో ఆ పొజిషన్‌లో ఆ కార్డు స్కోరు. పదిహేను ఇరవై కార్డులు వేశాక ప్రతి పొజిషన్‌లో మొదటి కార్డుకీ రెండో కార్డుకీ ఉన్న తేడా చూడండి. తేడా ఎక్కడ ఎక్కువుంటే ఆ పొజిషన్‌ని ముందు నింపండి. నింపాక ఆ వరుస కొట్టేసి, మిగిలినవాళ్ల మీద తేడాలు మళ్లీ చూడండి.

ఇలా చేస్తే మామూలుగా క్యాచర్ ముందు తేలిపోతాడు, ఎందుకంటే మంచి క్యాచర్లు తక్కువ. జాష్ గిబ్సన్ లాంటి బ్యాటున్న క్యాచర్ కార్డు దొరికితే వేరే ఆలోచన అక్కర్లేదు. ఫస్ట్ బేస్, డీహెచ్ చివరికి మిగలాలి. ఆ రెంటికీ బ్యాటు ఒక్కటుంటే చాలు, ఎవరో ఒకరు దొరుకుతారు. సెంటర్ ఫీల్డర్ దగ్గర బేరాలు వద్దు. ఇటూ అటూ వేగం లేని కార్నర్ ఫీల్డర్లు ఉన్నప్పుడు మధ్యలో ఉన్నవాడే మూడు చోట్లా పరిగెత్తాలి.

ఈ పద్ధతి ప్రతిసారీ అచ్చంగా అత్యుత్తమ లైనప్పే ఇస్తుందని గ్యారెంటీ లేదు, కానీ దానికి చాలా దగ్గరగా తెస్తుంది. పట్టుదల ఉన్నవాళ్లు ఎక్సెల్‌లోని సాల్వర్‌కి అప్పగించవచ్చు.

షొహెయ్ ఒహ్తానీ లాంటి టూ-వే కార్డుకి రెండు వరుసలు వేయండి, ఒకటి బ్యాటర్‌గా, ఒకటి పిచర్‌గా. మామూలు రోజుల్లో అతను డీహెచ్ గడిని ఆక్రమిస్తాడని మర్చిపోకండి. ఆ గడిలో ఉండాల్సిన మరో బ్యాటర్ బయటికి పోతే పోయే పాయింట్లు కూడా లెక్కే.

కెప్టెన్ కార్డులు 2023 ఎడిషన్‌లో వచ్చాయి. ఫలానా షరతుకి సరిపోయే ఆటగాళ్లు టీమ్‌లో ఇంతమంది ఉంటే కొన్ని లక్షణాలు పెరుగుతాయి. బూస్ట్ ఊరించేలా ఉంటుంది గానీ, షరతు కోసం ముగ్గురు బలహీనమైన వాళ్లని ఎక్కించాల్సి వస్తే లాభం ఆవిరైపోతుంది. షీట్‌ని కాపీ చేసి, పెరిగే అంకెలు కలిపి, రెండు మొత్తాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆడించే కొద్దీ పెరిగే పారలల్ లెవెల్స్ ఉన్న కార్డులకి కూడా పెరిగిన అంకెలే వేయండి.

6. బ్యాటింగ్ ఆర్డర్

ఒక మ్యాచ్‌లో ఎన్ని బ్యాటింగ్‌లు వస్తాయో చెప్పడం తేలిక: అవుట్లు, పరుగులు, బేసుల మీద మిగిలిపోయినవాళ్లు, ఈ మూడూ కలిపితే చాలు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో 27 అవుట్లు, ఆ పైన మరో 11 మంది అనుకుందాం. మొత్తం 38. అంటే మొదటి ఇద్దరికి ఐదేసి, మిగతా ఏడుగురికి నాలుగేసి. కాబట్టి మీ షీట్‌లో బ్యాట్ స్కోరు అందరికన్నా ఎక్కువున్నవాణ్ని నాలుగో స్థానంలో దాచుకోకండి, రెండో స్థానంలో పెట్టండి. మొదటి స్థానానికి కాంటాక్ట్, విజన్, వేగం ఉన్నవాడు. మూడు నాలుగు స్థానాలకి పవర్, క్లచ్.

మూడు ఇన్నింగ్స్ మ్యాచ్‌ల్లో ఇది ఇంకా ఘాటుగా ఉంటుంది. తొమ్మిది అవుట్లు, బేస్‌కి చేరి అవుట్ కానివాళ్లు నలుగురు అనుకుంటే మొత్తం 13 బ్యాటింగ్‌లు. మొదటి నలుగురికి రెండేసి, మిగతావాళ్లకి ఒక్కొక్కటి. అక్కడ లీడాఫ్ (మొదటి బ్యాటర్) అంటే వేగం అనే పాత సూత్రం పక్కన పెట్టి, మీ నలుగురు అత్యుత్తమ బ్యాటర్లని వరుసగా మొదట్లోనే దించేయండి. వేగమున్నవాడు తొమ్మిదో స్థానంలోకి పోతాడు.

చేతివాటం కూడా చూసుకోవాలి. ముగ్గురు ఎడమచేతి బ్యాటర్లని వరుసగా పెడితే ఏడో ఇన్నింగ్స్‌లో అవతలివాడు ఎడమచేతి రిలీవర్‌ని (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్‌ని) దించి ఒక్క దెబ్బకి ముగ్గురినీ ముగిస్తాడు. కుడి, ఎడమ మార్చి మార్చి పెట్టండి. మికీ మాంటిల్, చిప్పర్ జోన్స్ లాంటి స్విచ్ హిట్టర్లు (కుడి, ఎడమ రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాళ్లు) ఉంటే వాళ్లని రెండు ఎడమచేతుల మధ్య ఇరికించండి. అలాగని ఆర్డర్ అందంగా కనిపించడం కోసం బ్యాట్ స్కోరులో పది పాయింట్లు తక్కువున్నవాణ్ని పైకి తేవద్దు. రెండు మూడు పాయింట్ల తేడా వరకైతే ఫరవాలేదు.

7. బెంచ్: చవక కార్డులకి పండగ

ఓవరాల్ మనల్ని ఘోరంగా తప్పుదారి పట్టించేది బెంచ్ దగ్గరే. పించ్ హిట్టర్ (మధ్యలో వేరొకరి బదులు దిగే బ్యాటర్) మ్యాచ్‌లో ఒక్కసారే బ్యాట్ పట్టుకుంటాడు, ఆ పిచర్ ఎవరో కూడా మీకు ముందే తెలుసు. అంటే ఒక వైపు అంకెలే కావాలి. కాంటాక్ట్ ఎల్ 105, పవర్ ఎల్ 115 ఉండి ఆర్ వైపు రెండూ 55 ఉన్న కార్డు ఓవరాల్‌లో నేలచూపులు చూస్తుంది, ధర కూడా తక్కువే. ఎడమచేతి రిలీవర్ ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం మీ స్టార్టింగ్ లైనప్‌లో సగం మంది దాని ముందు నిలవరు. బెంచ్‌కి 70-30 సూత్రం వాడకండి. ఎల్ మాత్రమే లెక్కేసి ఒకణ్ని, ఆర్ మాత్రమే లెక్కేసి ఒకణ్ని ఎంచుకోండి.

మిగతా స్థానాల్లో వేగం 95 పైన ఉన్న రన్నర్ ఒకడు, గ్లవ్ స్కోరు బాగున్న బ్యాకప్ ఒకడు. బ్యాకప్ క్యాచర్‌ని మర్చిపోతే, క్యాచర్ బదులు పించ్ హిట్టర్‌ని దించిన రోజు తెలుస్తుంది బాధ.

8. పిచర్లు

హెచ్/9 (హిట్లు ఆపే లక్షణం) పెరిగితే ప్రత్యర్థి గురి కుంచించుకుపోతుంది, రన్నర్లు స్కోరింగ్ పొజిషన్‌లో ఉంటే దాని స్థానంలో పిచింగ్ క్లచ్ వస్తుంది. కే/9 గాలికి ఊపించేది. బీబీ/9, కంట్రోల్ మీరు అనుకున్న చోటికి బంతి పడటానికి. పిన్‌పాయింట్ అనే పిచింగ్ పద్ధతిలో గీత ఎంత చక్కగా గీసినా ఈ రెండూ తక్కువుంటే బంతి పక్కకి పోతుంది.

స్టార్టర్‌కి నేను వేసేది: హెచ్/9, క్లచ్ కలిపి 30, కే/9 20, బీబీ/9, కంట్రోల్ కలిపి 20, వెలాసిటీ, బ్రేక్ కలిపి 20, స్టామినా 10. రిలీవర్‌కి స్టామినా వాటాని కే/9కి ఇచ్చేయండి.

ఇంతవరకు అంకెలు. పిచర్ విషయంలో అంకెలు సగమే చెప్తాయి, బంతుల కలయిక మిగతా సగం. సింకర్, కట్టర్ రెండూ ఉన్నవాడికి నేను ఐదు పాయింట్లు కలుపుతాను. ఒకే చోటునుంచి ఒకే వేగంతో వచ్చినట్టు కనిపించి, ఒకటి లోపలికి ఒకటి బయటికి తిరుగుతుంది, బ్యాటర్ ఏదో ఒకటి ఊహించుకుని ఊపాల్సిందే. ఫాస్ట్‌బాల్‌కీ చేంజప్‌కీ మధ్య వేగం తేడా బాగా ఉంటే ఇంకో మూడు. అవుట్‌లయర్ క్వర్క్ ఉన్నవాడు మిగతావాళ్లు అందుకోలేని వేగంతో ఫాస్ట్‌బాల్ వేస్తాడు, వాడికీ అంతే. అన్ని బంతులూ దాదాపు ఒకే వేగంతో, ఒకే వైపు తిరిగేవాడైతే ఓవరాల్ ఎంతున్నా ఐదు కోత.

బుల్‌పెన్‌లో (రిలీవర్ల బృందంలో) అందరూ పైనుంచి వేసే కుడిచేతి ఫాస్ట్ బౌలర్లే ఉంటే అవతలివాడి చెయ్యి అలవాటు పడిపోతుంది. ఇద్దరు ఎడమచేతివాళ్లు, ఒక సైడ్ ఆర్మ్ వాడు తప్పనిసరి. క్రికెట్ చూసి పెరిగిన మనకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు, నూట నలభైతో వేసే పేసర్ తర్వాత మలింగ వస్తే ఏమవుతుందో చూశాం.

9. కొనడం, మార్చడం

కమ్యూనిటీ మార్కెట్‌లో అమ్మిన ప్రతిదాని మీద పది శాతం కోత పడుతుంది. 5,000 స్టబ్స్‌కి కొని 6,000కి అమ్మితే 600 పోయి మీకు మిగిలేది 400. అందుకని కొత్త కార్డు వచ్చిన ప్రతిసారీ పాతది అమ్మేసి పరుగెత్తకండి. నా నియమం: కొత్త కార్డు వల్ల లైనప్ మొత్తం స్కోరు కనీసం మూడు పాయింట్లు పెరగాలి. ఆ కార్డుది కాదు, మొత్తానిది. బై నౌ నొక్కకుండా బై ఆర్డర్ పెట్టి ఆగితే ఇంకాస్త తక్కువకి వస్తుంది.

స్వింగ్ సంగతి షీట్‌లో దొరకదు. కొన్ని స్వింగ్‌లు మీ టైమింగ్‌కి కుదురుతాయి, కొన్ని ఎప్పటికీ కుదరవు. కెన్ గ్రిఫీ జూనియర్ స్వింగ్ అంటే చాలామందికి ప్రాణం. మీకు కుదరకపోతే దాని అంకెలు ఎంత గొప్పవైనా లాభం లేదు. కొత్త కార్డుని ప్రాక్టీస్ మోడ్‌లో మీరు ఆడే డిఫికల్టీలోనే పెట్టి కాసేపు కొట్టి చూడండి. బ్యాట్ ఎప్పుడూ ముందో వెనకో పడుతుంటే ఆ కార్డు బ్యాట్ స్కోరులో ఐదు తీసేయండి.

లైవ్ సిరీస్ కార్డుల అంకెలు నిజమైన సీజన్‌లో ఆటగాళ్ల ఫామ్‌ని బట్టి రోస్టర్ అప్‌డేట్‌లలో మారుతుంటాయి. 80 నుంచి 84 దాకా గోల్డ్, 85 నుంచి డైమండ్. 84లో ఉన్న కార్డు ఒక్క పాయింట్ పెరిగితే చాలు, మార్కెట్‌లో దాని ధర అమాంతం మారుతుంది. ఆ ఒక్క పాయింట్ మీ షీట్‌లో మాత్రం అంత పెద్దదేమీ కాకపోవచ్చు. ధర ఎగిరి స్కోరు అక్కడే ఉందంటే, దాన్ని అమ్మేసి వచ్చిన స్టబ్స్‌తో మీ షీట్‌లో అన్నిటికన్నా తక్కువ స్కోరున్న గడి నింపుకోండి.